చచ్చిపోతున్న హార్డ్ డిస్క్ నుంచి విండోస్‌ని కొత్త ఎస్‌ఎస్‌డీలోకి మార్చడం ఎలా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

కంప్యూటర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఫోల్డర్ ఓపెన్ చేస్తే పైన ఆకుపచ్చ గీత నత్తలా పాకుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100% అని ఉంటుంది, కానీ రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకి అర ఎంబీ కూడా ఉండదు. చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు. ఇంకొంతమంది ర్యామ్ చాలట్లేదని కొత్త స్టిక్ కొంటారు. ఈ లక్షణాలు కలిసి కనిపిస్తే మాత్రం నేను ముందు అనుమానించేది హార్డ్ డిస్క్‌నే. అది చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కూర్చుంటుంది, మిగతా విండోస్ అంతా దాని కోసం ఎదురుచూస్తుంది.

బాగున్న డిస్క్ నుంచి విండోస్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయడం మీద వీడియోలు బోలెడున్నాయి. పోతున్న డిస్క్ విషయంలో ఆ వీడియోల్లో చెప్పే పద్ధతి సగంలో ఆగిపోతుంది, ఒక్కోసారి ఉన్నది కూడా పోతుంది. ఇక్కడ చెప్పేది ఆ రెండో రకం డిస్క్ గురించి.

ముందు డిస్క్ ఏం చెబుతోందో చూద్దాం

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి లోపల ఒక చిట్టా రాసుకుంటుంది, దాన్నే స్మార్ట్ డేటా అంటారు. ఈ సాఫ్ట్‌వేర్ ఆ చిట్టాని చదివి గుడ్, కాషన్, బ్యాడ్ అని చూపిస్తుంది. పైన కనిపించే ఆ రంగు ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి. కింద వరుసల్లో నాలుగు చూడాలి: 05, సీ5, సీ6, సీ7.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ నంబర్లు మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి. 1సీ అని ఉంటే అది 28. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకుంటే గందరగోళం ఉండదు.

సీ5 అంటే పెండింగ్ సెక్టార్లు. డిస్క్ ఒక సెక్టార్‌ని చదవడానికి ప్రయత్నించి కుదరక "దీని సంగతి తర్వాత చూద్దాం" అని పక్కన రాసుకున్నవి. 05 అంటే రీలొకేటెడ్ సెక్టార్లు. పాడైన చోటు బదులు డిస్క్ తన దగ్గర దాచుకున్న స్పేర్ సెక్టార్లని వాడేసిన లెక్క. ఈ రెండింటి మధ్య సంబంధం తెలిస్తే సగం అపోహలు పోతాయి. చదవలేని సెక్టార్‌లో ఏముందో డిస్క్‌కి కూడా తెలీదు కాబట్టి, ఊరికే దాన్ని స్పేర్‌లోకి మార్చేయదు. ఆ చోట మళ్లీ ఏదైనా రాసినప్పుడు మాత్రమే తేల్చుకుంటుంది. రాత సరిగ్గా పడితే పెండింగ్ లెక్క తగ్గుతుంది, పడకపోతే స్పేర్‌కి మారి 05 పెరుగుతుంది. అందుకే ఫుల్ ఫార్మాట్ కొట్టాక "బ్యాడ్ సెక్టార్లు పోయాయి" అనిపిస్తుంది. పోయింది పెండింగ్ లెక్క, దాంతోపాటు ఆ సెక్టార్‌లో ఉన్న మీ డేటా. డిస్క్ ఏమీ యవ్వనంలోకి రాలేదు. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు సీ5 సున్నా ఉందని సంబరపడకుండా 05 కూడా చూడమని నేను చెప్పేది ఇందుకే.

సీ6 దాదాపు సీ5కి తోడుగా పెరిగేదే. సీ7 మాత్రం వేరే కథ. అది డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య దారిలో వచ్చిన ఎర్రర్ల లెక్క. సీ7 పెరుగుతూ 05, సీ5 రెండూ సున్నా ఉంటే డిస్క్ బాగానే ఉండొచ్చు, సాటా కేబుల్ మార్చి చూడండి. వేల రూపాయల ఎస్‌ఎస్‌డీ కొనేముందు తక్కువ ఖర్చులో తేలిపోయే పరీక్ష ఇది.

డిస్క్ నుంచి టక్ టక్ మని ఒకే లయలో శబ్దం వస్తుంటే ఇక్కడితో ఆపేయండి. అది హెడ్స్ సమస్య. ఇంకోసారి ఆన్ చేసిన ప్రతిసారీ ప్లాటర్ మీద గీత పడే ప్రమాదం ఉంది. డేటా విలువైనదైతే రికవరీ ల్యాబ్‌కి ఇవ్వాలి, లేదంటే వదులుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

ఈ పనులు మాత్రం చేయొద్దు

పోతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్‌ని ఆర్ ఆప్షన్‌తో రన్ చేయొద్దు. నెట్‌లో ఎవర్ని అడిగినా ముందు ఇదే చెబుతారు. అది మొత్తం డిస్క్‌ని చదువుతుంది, చదవలేని చోట్ల ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తున్నా అని రాతలు మొదలుపెడుతుంది. ఫైల్ సిస్టమ్ కాస్త దెబ్బతిన్నా సరే, కాపీ తీసేవరకూ దాన్ని అలాగే ఉంచడం మంచిది. రిపేర్ చేయాల్సింది కొత్త డ్రైవ్ మీద ఉన్న కాపీని. డీఫ్రాగ్ కూడా అంతే. కొత్త డ్రైవ్ చిన్నది కదా అని పాత డిస్క్‌లో పార్టిషన్ ష్రింక్ చేయడం కూడా అంతే, అది డేటాని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి జరుపుతుంది. బిట్‌లాకర్ ఉంటే దాన్ని "ముందు తీసేద్దాం" అనుకోవద్దు. డీక్రిప్ట్ చేయడమంటే డిస్క్ మొత్తం చదివి మళ్లీ రాయడం.

ఒక్కమాటలో, పాత డిస్క్ మీద ఇక రాతలు ఉండకూడదు, చదవడం కూడా వీలైనంత తక్కువసార్లు.

ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కిస్తే సరిపోదా?

పది కేసుల్లో ఏడెనిమిదింటికి నా సమాధానం "సరిపోతుంది" అనే. కాలేజీ లాప్‌టాప్‌లో ఉండేది బ్రౌజర్, వీఎస్ కోడ్, రెండు మూడు గేమ్‌లు. ఫైళ్లు కాపీ చేసుకుని ఎస్‌ఎస్‌డీలో కొత్తగా విండోస్ వేసుకోవడానికి ఒక పూట చాలు. పైగా పాడైన సెక్టార్ల మీదున్న సిస్టమ్ ఫైళ్ల గొడవ కొత్త డ్రైవ్‌లోకి రాదు. లైసెన్స్ గురించి కూడా కంగారు అక్కర్లేదు. విండోస్ 10, 11ల డిజిటల్ లైసెన్స్‌కి ముఖ్యంగా మదర్‌బోర్డే ఆధారం. డిస్క్ మారిస్తే సాధారణంగా యాక్టివేషన్ పోదు.

మిగిలిన ఆ రెండు మూడు కేసులే అసలు పరీక్ష. తెనాలిలో మా బాబాయ్‌కి డీటీపీ షాప్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్ బుక్కులు. 2013లో కొన్న కంప్యూటర్, 500 జీబీ హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7, అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. మాఘమాసం ముహూర్తాలకి ముందు అది మొరాయించడం మొదలుపెట్టింది. ఫోన్‌లోనే చెప్పాడు: "ఒరేయ్, నువ్వొచ్చి ఏమైనా చెయ్యి గానీ ఫార్మాట్ మాత్రం కొట్టకురా. అను మళ్లీ ఎక్కించే సీడీ ఎక్కడుందో నాకే తెలీదు."

సీడీ ఒక్కటే కాదు సమస్య. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లీష్ గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి కుదిరిన ప్రింటర్ డ్రైవర్, బాబాయ్ పన్నెండేళ్లుగా పేర్చుకున్న టెంప్లేట్లు, కీబోర్డ్ లేఅవుట్ సెట్టింగ్, ఇవన్నీ కలిసి ఒక పనిచేసే వ్యవస్థ అయ్యాయి. అందులోని ఫైళ్లు కాపీ చేస్తే ఫైళ్లు వస్తాయి, షాప్ రాదు. ఇలాంటి కంప్యూటర్లు మన ఊళ్లలో చాలా ఉంటాయి: పాత అకౌంటింగ్ ప్యాకేజీ ఉన్న మిల్లు, డ్రైవర్ దొరకని స్కానింగ్ మెషీన్ ఉన్న ల్యాబ్, స్టిక్కర్ కటింగ్ షాప్. ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి కొత్త డ్రైవ్‌లో పెట్టాల్సిందే.

ఏ టూల్ వాడాలి?

మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు, ఎస్‌ఎస్‌డీ కంపెనీలు ఫ్రీగా ఇచ్చేవి కూడా, విండోస్ నడుస్తుండగానే పనిచేస్తాయి. వాడుకలో ఉన్న భాగాన్ని మాత్రమే కాపీ చేస్తాయి కాబట్టి వేగంగా ఉంటాయి. సీ5 సున్నా ఉండి 05 కొంచెం కనిపిస్తుంటే అవి చాలు. కానీ చదవలేని సెక్టార్ తగిలితే వాటిలో చాలావరకు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, మళ్లీ అక్కడే ఆగుతుంది. ప్రతిసారీ డిస్క్ ఇంకొంచెం అరుగుతుంది.

క్లోన్‌జిల్లాలో ఎక్స్‌పర్ట్ మోడ్‌లోకి వెళితే రెస్క్యూ అనే ఆప్షన్ ఉంటుంది. అది పెడితే ఎర్రర్ వచ్చినా ముందుకు వెళుతుంది. పర్వాలేదు. కానీ నేను వాడేది గ్నూ డీడీరెస్క్యూ. పేరు దగ్గరగా ఉంది కదా అని మామూలు డీడీ కమాండ్‌తో కలపకండి, రెండూ వేరు.

డీడీరెస్క్యూ గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. మొదటిది, అది సులభంగా వచ్చేవాటిని ముందు తీసుకుంటుంది. చదవలేని చోటు తగిలితే అక్కడ కూర్చుని పోట్లాడకుండా కొంచెం ముందుకి దూకి, బాగున్న భాగాన్ని కాపీ చేస్తుంది. తర్వాత వెనక్కి వచ్చి వదిలేసిన ముక్కల అంచుల్ని చెక్కుతుంది, ఆఖర్న మాత్రమే ఒక్కో సెక్టార్‌నీ గీకి చూస్తుంది. డిస్క్ మధ్యలో చచ్చిపోయినా అప్పటికే ఎక్కువ భాగం మీ చేతిలో ఉంటుంది. వరి కోతప్పుడు వాన మబ్బు పట్టిందంటే ముందు పండిన మడులే కోస్తారు కదా, అలా. రెండోది మ్యాప్ ఫైల్. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. కరెంట్ పోయినా, మీరే ఆపినా, అదే మ్యాప్ ఫైల్ ఇచ్చి మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు సైజు జాగ్రత్త

డీడీరెస్క్యూ డిస్క్‌ని సెక్టార్‌కి సెక్టార్ కాపీ చేస్తుంది. కొత్త డ్రైవ్ పాతదానికంటే ఒక్క సెక్టార్ తక్కువున్నా కుదరదు. 500 జీబీ హార్డ్ డిస్క్‌లో మామూలుగా 512 బైట్ల సెక్టార్లు 97,67,73,168 ఉంటాయి, అంటే 500,107,862,016 బైట్లు. 500 జీబీ అని రాసిన ఎస్‌ఎస్‌డీలో కూడా సాధారణంగా ఇదే లెక్క. కానీ 480 జీబీ అన్నదాంట్లో 20 జీబీ తక్కువ. షాపులో "రెండూ ఒకటే సార్, ఏం తేడా ఉండదు" అని బాబాయ్‌కి 480 అంటగట్టబోయారు. మామూలు వాడకానికి నిజంగానే తేడా లేదు, ఈ పనికి మాత్రం అది పనికిరాదు. 1 టీబీ డిస్క్ ఉన్నవాళ్లకి 960 జీబీతో ఇదే తంటా. బాక్స్ మీది అంకె కాదు, లైనక్స్‌లో బైట్లలో కనిపించే సైజు సరిచూసుకోండి.

చిన్న ఎస్‌ఎస్‌డీ ఇప్పటికే కొనేసి ఉంటే ఒక దారి ఉంది. ముందు పాత డిస్క్‌ని ఒక పెద్ద బాగున్న డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ కాపీలో పార్టిషన్లు ష్రింక్ చేసి, మామూలు క్లోనింగ్ టూల్‌తో ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి. టైం రెట్టింపు అవుతుంది, పాత డిస్క్‌కి మాత్రం అదనపు భారం ఉండదు.

అసలు పని

కావాల్సినవి: సిస్టమ్ రెస్క్యూ అనే లైనక్స్‌తో చేసిన బూటబుల్ పెన్ డ్రైవ్, మ్యాప్ ఫైల్ దాచడానికి ఇంకో పెన్ డ్రైవ్, కొత్త ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి.

అతి ముఖ్యమైన ఫైళ్లు కొన్ని జీబీలకు మించి లేకపోతే వాటిని ముందే పెన్ డ్రైవ్‌లోకి తీసేయండి. బాబాయ్ దగ్గర ప్రింట్‌కి వెళ్లాల్సిన కార్డుల ఫోల్డర్ 3 జీబీ. అది ఫస్ట్. మొత్తం ఫోటోలు, సినిమాలు అన్నీ ఫైల్ బై ఫైల్ కాపీ చేయడం మాత్రం వద్దు. హెడ్ అటూ ఇటూ పరిగెత్తడం ఎక్కువవుతుంది. అది క్లోనింగ్‌కే వదిలేయండి.

రెండు డ్రైవ్‌లనూ వీలైతే నేరుగా మదర్‌బోర్డ్ సాటా పోర్టులకే పెట్టండి. సాటా టు యూఎస్‌బీ కన్వర్టర్లు కొన్ని ఒక సెక్టార్ దగ్గర ఎర్రర్ వస్తే డిస్క్‌నే డిస్‌కనెక్ట్ చేసేస్తాయి. లాప్‌టాప్‌లో ఒకటే స్లాట్ ఉంటే పాత డిస్క్‌ని లోపలే ఉంచి, కొత్తదాన్ని యూఎస్‌బీకి పెట్టండి. ఓపిక కావాల్సింది పాతదానికి కాబట్టి మంచి కనెక్షన్ దానికే ఇవ్వాలి. మిగతా డిస్క్‌లు ఏమున్నా కేబుల్ పీకేయండి.

సిస్టమ్ రెస్క్యూతో బూట్ అయ్యాక ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డ్రైవ్‌ల లిస్ట్ చూడండి. పేరు, సైజు మాత్రమే కాకుండా మోడల్, సీరియల్ నంబర్ కూడా చూపించేలా ఆప్షన్ ఇవ్వండి. మన కేసులో రెండూ 500 జీబీయే, సైజు చూసి ఏది ఏదో చెప్పలేం. డ్రైవ్ మీద స్టిక్కర్‌లో ఉన్న సీరియల్ నంబర్‌తో పోల్చి, పాతది ఎస్‌డీఏ, కొత్తది ఎస్‌డీబీ అని కాగితం మీద రాసుకోండి. రీబూట్ చేస్తే ఈ పేర్లు తారుమారు కావచ్చు, కాబట్టి ప్రతి బూట్‌లోనూ మళ్లీ చూడాలి. డీడీరెస్క్యూకి మొదట ఇచ్చేది చదవాల్సిన డ్రైవ్, రెండోది రాయాల్సిన డ్రైవ్, మూడోది మ్యాప్ ఫైల్. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ ఎస్‌ఎస్‌డీ వచ్చి పాత డిస్క్ మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఈ ఆర్టికల్ చదివి లాభం లేదు. ఎంటర్ కొట్టే ముందు పక్కనున్న ఇంకొకరికి గట్టిగా చదివి వినిపించండి. నేను బాబాయ్‌కి వినిపించాను. "ఏది ఎందులోకి పోతోందిరా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు, మంచిదే అయింది.

మ్యాప్ ఫైల్‌ని రెండో పెన్ డ్రైవ్‌లోనే పెట్టాలి. సిస్టమ్ రెస్క్యూ నడిచేది ర్యామ్‌లో, రీబూట్ చేస్తే అక్కడ దాచినవి పోతాయి.

మొదటి రౌండ్‌లో ఎఫ్, ఎన్ అనే రెండు ఆప్షన్లు ఇవ్వాలి. ఎఫ్ అంటే డ్రైవ్ మీద నేరుగా రాయడానికి అనుమతి. ఎన్ అంటే గీకే పని ఇప్పుడే వద్దు, సులభంగా వచ్చేవి తీసుకో అని. బాబాయ్ డిస్క్‌కి ఈ రౌండ్ రెండు గంటల పైన పట్టింది. ఆఖర్న 99.99% వచ్చింది, 43 ఎంబీ రాలేదు. లెక్క కోసం చెబుతున్నా, సెకనుకి సగటున 80 ఎంబీ చదివితే 500 జీబీకి గంటా ముప్పావు పడుతుంది. పాడైన సెక్టార్లు ఉంటే పైన ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక్కో సెక్టార్ దగ్గరే డిస్క్ చాలా సెకన్లు తనలో తాను ప్రయత్నిస్తుంది.

రెండో రౌండ్‌లో ఎన్ తీసేసి, డీ ఆప్షన్, ఆర్3 ఆప్షన్ ఇవ్వాలి. మ్యాప్ ఫైల్ అదే ఉండాలి. డీ అంటే లైనక్స్ క్యాష్‌ని పక్కనపెట్టి డిస్క్‌ని నేరుగా చదవడం, ఆర్3 అంటే మొండి సెక్టార్లకి మరో మూడు అవకాశాలు. దీన్ని రాత్రి పెట్టి పడుకున్నాం. పొద్దున్నకి 43 ఎంబీ కాస్తా 624 సెక్టార్లకి, అంటే 312 కేబీకి తగ్గింది. 624ని 8తో భాగిస్తే 78. ఇది యాదృచ్ఛికం కాదు. 2011 తర్వాతి డిస్క్‌ల్లో చాలావాటికి లోపలి అసలు సెక్టార్ 4కే సైజుది. బయటికి 512 బైట్ల ముక్కలు ఎనిమిదిగా చూపిస్తాయి. ఒకటి పోతే ఎనిమిదీ పోతాయి.

ఇంకో సంగతి గమనించండి. పని మొదలుపెట్టక ముందు సీ5లో ఉన్నది 28. ఆ లెక్క డిస్క్ అప్పటివరకు తాకి చూసిన చోట్లది మాత్రమే. ఎవరూ తెరవని ఫైళ్ల కింద ఏముందో మొత్తం చదివితేగానీ బయటపడదు. అందుకే "సీ5 చిన్న నంబరే కదా, ఇంకో ఆర్నెల్లు లాగిద్దాం" అనే లెక్క నేను ఒప్పుకోను.

ఆర్‌ని పది, ఇరవై చేసి ఇంకా లాగొచ్చా? లాగొచ్చు. 312 కేబీ కోసం డిస్క్‌ని ఇంకో రెండు రోజులు హింసించడం దండగ అనిపించి ఆపేశాను. అదే 312 కేబీలో పిల్లల ఫోటోలున్నాయని తెలిస్తే ఆపేవాణ్ణి కాదేమో. అది తెలుసుకునే మార్గం కూడా ఉంది.

పోయిన సెక్టార్లలో ఏముంది?

చాలా గైడ్‌లు ఈ మెట్టుని వదిలేస్తాయి. క్లోన్ అయిపోయాక రాని సెక్టార్ల స్థానంలో కొత్త డ్రైవ్‌లో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఏ ఫైల్ మధ్యలో పడిందో విండోస్‌కి తెలీదు, ఫైల్ బాగున్నట్టే కనిపిస్తుంది. మూడు నెలల తర్వాత ఆ ఫైల్ తెరిచినప్పుడు తెలుస్తుంది, అప్పటికి పాత డిస్క్ చెత్తలోకి పోయుంటుంది.

డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఒకటుంది. మ్యాప్ ఫైల్ చూసి, రాని సెక్టార్లన్నింటిలోనూ మీరిచ్చిన గుర్తు మాటని నింపుతుంది. మామూలుగా ఎక్కడా కనపడని మాట ఏదైనా పెట్టుకోండి. ఆ తర్వాత కొత్త డ్రైవ్‌లోని పార్టిషన్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, గ్రెప్‌తో ఆ మాట ఏయే ఫైళ్లలో ఉందో వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల లిస్ట్ వచ్చేస్తుంది. ఈ పని కొత్త డ్రైవ్‌తో విండోస్ బూట్ చేయకముందే చేయాలి. ఒకసారి బూట్ అయితే విండోస్ ఆ ఖాళీల్లో కొన్నింటిని వేరే ఫైళ్లకి కేటాయించవచ్చు, అప్పుడు ఫిల్ మోడ్ బాగున్న ఫైళ్ల మీద రాసేస్తుంది. బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్ మీద మాత్రం ఈ చిట్కా పనిచేయదు, మీరు నింపిన మాట డీక్రిప్ట్ అయ్యాక వేరేదిగా మారిపోతుంది.

మా లిస్ట్‌లో ఒక విండోస్ డీఎల్ఎల్, ఒక పాత అప్‌డేట్ ఫైల్, 2016 నాటి రెండు పెళ్లి కార్డులు వచ్చాయి. మిగతావన్నీ ఖాళీ జాగాలోనే పడ్డాయి. బాబాయ్ ఆ కార్డుల పేర్లు చూసి, "వాళ్ల పిల్లలు స్కూల్‌కి కూడా పోతున్నారు, వదిలెయ్" అన్నాడు.

మొదటి బూట్

పాత డిస్క్ కేబుల్ తీసేశాకే కొత్తదానితో బూట్ చేయాలి. రెండింటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ ఉంటుంది కాబట్టి, రెండూ ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దాన్ని ఆన్‌లైన్ చేస్తే విండోస్ దానికి కొత్త సిగ్నేచర్ రాస్తుంది. బూట్ ఫైళ్లు వెతికేది పాత సిగ్నేచర్‌ని. తర్వాత ఆ డ్రైవ్‌తో బూట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్.

పాత సిస్టమ్ అయితే బయోస్‌లో సాటా మోడ్ ముట్టుకోవద్దు. ఎస్‌ఎస్‌డీకి ఏహెచ్‌సీఐ మంచిదని చదివి ఐడీఈ నుంచి మారిస్తే విండోస్ 7 నీలం స్క్రీన్‌తో 7బీ ఎర్రర్ ఇస్తుంది. ముందు ఉన్న మోడ్‌లోనే బూట్ చేసి, డ్రైవర్ సంగతి చూసుకుని ఆ తర్వాత మార్చుకోవచ్చు.

బూట్ అయ్యాక చెక్‌డిస్క్‌ని ఎఫ్ ఆప్షన్‌తో రన్ చేయండి, ఇప్పుడు అది చేయాల్సిన టైమే. తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ. దెబ్బతిన్న ఆ డీఎల్ఎల్‌ని అదే సరిచేసింది. విండోస్ 7లో ఎస్‌ఎస్‌డీకి షెడ్యూల్డ్ డీఫ్రాగ్ ఆఫ్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి. దానికి సపోర్ట్ 2020 జనవరి 14న అయిపోయింది కాబట్టి ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, కస్టమర్ల ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే ఇందులోకి తెచ్చుకోమని బాబాయ్‌కి చెప్పాను. పేజ్‌మేకర్ తెరుచుకోవడం చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంత తొందరగా వచ్చిందేంటి, అంతా ఎక్కిందా లేదా?"

మీది విండోస్ 10 లేదా 11 లాప్‌టాప్ అయితే

పద్ధతి అదే, కానీ ముందు ఒక పని ఎక్కువ. మీరు ఎప్పుడూ ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా లాప్‌టాప్‌ల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో ఏదీ ముట్టుకోకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే సిస్టమ్ రెస్క్యూ బూట్ కావాలంటే సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలి, అది ఆఫ్ చేస్తే తర్వాతిసారి విండోస్ ఆ కీ అడగొచ్చు. సెక్యూర్ బూట్ ఉంచాల్సి వస్తే ఉబుంటు ఆధారంగా చేసిన క్లోన్‌జిల్లా వెర్షన్ వాడొచ్చు. డీడీరెస్క్యూకి ఎన్‌క్రిప్షన్‌తో పేచీ లేదు, అర్థంకాని బైట్లని అలాగే కాపీ చేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ నిజానికి సగం హైబర్నేషన్.

సాటా హార్డ్ డిస్క్ నుంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి మారితే మొదటి బూట్‌లో 7బీ ఎర్రర్ రావచ్చు. డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, బూట్ టైంలో లోడ్ కావడానికి సిద్ధంగా ఉండదు, అంతే. రికవరీ స్క్రీన్ నుంచి ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అసలు బూట్ డ్రైవ్ కనపడకపోతే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్ వాడాలి. దానికి మూడు విషయాలు చెప్పాలి: విండోస్ ఫోల్డర్ ఎక్కడుంది, బూట్ ఫైళ్లు రాయాల్సిన ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఏ అక్షరం, బూట్ రకం యూఈఎఫ్‌ఐ అని.

కొత్త డ్రైవ్ పెద్దదైతే మిగిలిన జాగా చివర్లో ఖాళీగా ఉంటుంది. సీ డ్రైవ్ మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉంటే మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుందని అర్థం. జీపార్టెడ్‌తో దాన్ని చివరికి జరిపితే దారి దొరుకుతుంది. అయితే ఎన్‌క్రిప్షన్ ఉంటే దాన్ని కొత్త డ్రైవ్‌లో సస్పెండ్ చేశాకే ఈ పని పెట్టుకోండి.

పాత డిస్క్‌ని ఏం చేయాలి?

నెల రోజులు ముట్టుకోకుండా, పైన "పాతది, ఫార్మాట్ చేయొద్దు" అని స్టిక్కర్ అంటించి పక్కన పెట్టండి. మ్యాప్ ఫైల్ ఉన్న పెన్ డ్రైవ్‌ని కూడా. ఏదైనా ఫైల్ లేదని తేలితే మళ్లీ ప్రయత్నించే అవకాశం అదొక్కటే. డబ్బులు దండగెందుకని దాన్ని కేసింగ్‌లో వేసి బ్యాకప్ డ్రైవ్‌గా వాడొద్దు, సీసీటీవీ రికార్డర్‌కి పెట్టొద్దు, తమ్ముడికి ఇవ్వొద్దు. పారేసేటప్పుడు డేటా తుడిచేద్దామంటే పాడైన సెక్టార్ల మీద తుడవడం కుదరకపోవచ్చు. ప్లాటర్లు పాడుచేయడమే నమ్మకమైన దారి. 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్క్‌కి డ్రిల్లింగ్ మెషీన్‌తో రెండు మూడు చోట్ల బెజ్జాలు వేయించండి. లాప్‌టాప్ డిస్క్ అయితే కళ్లద్దాలు పెట్టుకుని, కవర్ మూసే ఉంచి ఆ పని చేయాలి. వాటిలో చాలావరకు ప్లాటర్లు గాజువి, పగిలితే ముక్కలు చిమ్ముతాయి.